కాగడాలు లెక్కపెడదామా? పాతకాలపు డీ అండ్ డీ ఆడటానికి ఏ రూల్‌బుక్ తీసుకోవాలి

"డీ అండ్ డీ పాత పద్ధతిలో ఆడాలనుంది, ఏ పుస్తకం తీసుకోమంటారు?" అని ఎవరైనా అడిగితే, పేరు చెప్పే ముందు నేను ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు దేన్ని లెక్కపెట్టడానికి ఒప్పుకుంటారు? కాగడాలనా, బంగారాన్నా, భుజాన మోసే బరువునా, గోడ గడియారంలో నిమిషాలనా? డీ అండ్ డీ, అంటే డంజియన్స్ అండ్ డ్రాగన్స్, రెఫరీ ఒకరు గుహలనూ భూతాలనూ వర్ణిస్తుంటే, మిగతావాళ్లు ఒక్కో క్యారెక్టర్‌గా ఏం చేస్తారో చెబుతూ డైస్ వేసి ఆడే ఆట. పాతకాలపు ఆటను తిరిగి తెచ్చిన రూల్‌బుక్స్ పైపైన చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అట్టలు వేరు, బొమ్మలు వేరు, లోపల మాత్రం అదే గుహ, అదే నిధి, దాన్ని కాపలా కాసే అదే భూతం. ఆటగాళ్ల చేత ఏది లెక్కపెట్టిస్తుందన్న దగ్గరే ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ అసలు తేడా వస్తుంది. అది తేల్చుకోకుండా కొంటే రెండు మూడు సెషన్లకే ఆ పుస్తకం అల్మారా ఎక్కేస్తుంది.

నేను రాస్తున్నది బెంగళూరులో ఉంటూ తెలుగులో ఆడుకునేవాళ్ల కోసం. మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో ఒక ఫ్లాట్, ఆదివారం భోజనాలయ్యాక నలుగురైదుగురు. అందులో ఒకరు ఆఖరి నిమిషంలో కాల్ పడిందని మెసేజ్ పెడతారు, ఇంకొకరు సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుని గంట ఆలస్యంగా వస్తారు. మన టేబుళ్లు ఇలా ఉంటాయి కాబట్టి సలహా కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

కొత్తవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను రాసింది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. 1974లో టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ మూడు చిన్న పుస్తకాలను ఒక పెట్టెలో పెట్టి అమ్మింది. 1981లో టామ్ మోల్డ్‌వే బేసిక్ పుస్తకాన్ని, డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ కలిసి ఎక్స్‌పర్ట్ పుస్తకాన్ని తయారుచేశారు. ఒక్కోటీ 64 పేజీలే. ఈ జంటను ఆటగాళ్లు బీఎక్స్ అంటారు. తర్వాత ఎడిషన్లు మారేకొద్దీ రూల్స్ పెరుగుతూ వచ్చాయి, క్యారెక్టర్లు బలపడుతూ వచ్చాయి. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ, ఆ రూల్స్ వాడుకుని ఇతరులు సొంత పుస్తకాలు తెచ్చుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను ఇచ్చింది. దాని ఆసరాతోనే 2006లో పాత అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ రూల్స్‌ను కొత్త మాటల్లో చెప్పిన ఓస్రిక్ వచ్చింది. ఆ దారిలో పుట్టిన పుస్తకాలనూ, వాటి ఆటతీరునూ కలిపి ఓఎస్ఆర్ (ఓల్డ్ స్కూల్ రినైసెన్స్) అంటున్నారు.

ఆ ఆటతీరు ఏమిటంటే, క్యారెక్టర్ బలం, తెలివి లాంటి ఆరు గుణాల కోసం మూడు డైస్ కలిపి ఆరుసార్లు వేసి, పడిన అంకెలను పడిన వరుసలోనే రాసుకోవాలి. మొదటి లెవెల్ మాంత్రికుడికి రోజుకు ఒకే ఒక్క మంత్రం. హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో చెప్పే అంకె, సున్నాకు వస్తే చచ్చినట్టే. ఇంత బక్కప్రాణులు బతికి బట్టకట్టాలంటే కత్తి దూయకుండానే పని కానిచ్చుకోవాలి. రూల్స్ కూడా అటే నెడతాయి. బీఎక్స్ లెక్కలో ఒక గాబ్లిన్‌ను, అంటే ఒక పొట్టి భూతాన్ని, చంపితే వచ్చేది 5 ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కావాల్సిన అనుభవ పాయింట్లు). గుహలోంచి క్షేమంగా బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణానికి 1 ఎక్స్‌పీ. ఫైటర్ రెండో లెవెల్‌కు వెళ్లాలంటే 2,000 కావాలి. గాబ్లిన్లను నరుక్కుంటూ పోతే ఒక్కడికే 400 మంది కావాలి, అదీ ఎవరితో పంచుకోకపోతే. అవి నిద్రపోయేదాకా ఆగి పెట్టె మోసుకొస్తే ఒక్క రాత్రిలో సగం దూరం గడిచిపోతుంది. మాయల ఫకీరును కత్తియుద్ధంలో గెలిచినవాడు లేడు. వాడి ప్రాణం ఏ చిలకలో ఉందో కనుక్కున్నవాడే గెలిచాడు. పాత పద్ధతి ఆటలో గెలుపు అలాంటిది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ గురించి. గావిన్ నార్మన్ దీన్ని 2019లో తన నెక్రోటిక్ నోమ్ సంస్థ తరఫున తెచ్చాడు. రూల్స్ దాదాపు 1981 నాటి బీఎక్స్‌వే. మార్చిందల్లా అమరిక. పుస్తకం ఎక్కడ తెరిచినా ఒక విషయం ఎదురెదురు పేజీల్లోనే ముగిసిపోతుంది, పేజీ తిప్పే పని ఉండదు. ఆట నడిపేవాడికి ఇది ఎంత పెద్ద వరమో నాలుగు గంటలు రెఫరీగా కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఎవరో "గుర్రానికి తాడు కట్టి దిగొచ్చా?" అన్నప్పుడు పుస్తకంలో తడుముకోవాల్సిన అవసరం లేకపోతే ఆట ఊపు చెడదు.

ఈ పుస్తకం అన్నీ లెక్కపెట్టిస్తుంది. గుహలో కాలాన్ని పది నిమిషాల టర్నులుగా కొలుస్తారు. కాగడా 6 టర్నులు వెలుగుతుంది, లాంతరులో నూనె 24 టర్నులు వస్తుంది. రెండు టర్నులకొకసారి రెఫరీ ఒక డై వేస్తాడు, 1 పడితే తిరుగుతున్న మాన్‌స్టర్ ఎదురవుతుంది. గంటకొక టర్ను కూర్చుని అలుపు తీర్చుకోవాలి. మాన్‌స్టర్ కనిపించగానే కొట్లాట మొదలవ్వదు. రెండు డైస్ వేసి దాని మనసు ఎలా ఉందో చూస్తారు. 2 పడితేనే వెంటనే మీదపడుతుంది, 12 పడితే స్నేహంగా ఉంటుంది, మధ్యలో అంతా మాటల మీద ఆధారపడి ఉంటుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ప్రాణం ఈ ఒక్క రూలే. గాబ్లిన్లతో బేరాలాడే సన్నివేశాలన్నీ దీని పుణ్యమే.

మా టేబుల్ దగ్గర జరిగినదొకటి చెబితే మిగతాది అర్థమవుతుంది. థీఫ్‌గా ఆడుతున్న కుర్రాడికి ఉన్నవి 2 హిట్ పాయింట్లు. ఎదురుగా పొడవాటి సందు, చివర మూసిన తలుపు. "అన్నా, ట్రాప్ ఉందేమో చూడనా?" అన్నాడు. మొదటి లెవెల్ థీఫ్‌కు ట్రాప్ కనిపెట్టే అవకాశం 10 శాతమే. డైస్ చేతిలోకి తీసుకుని, షీట్ వంక చూసుకుని ఆగాడు. "డైస్ వద్దులే అన్నా. నా తోలుసంచిలో నీళ్లున్నాయిగా, అవి నేల మీద పోస్తా. ఎటు పోతున్నాయి?"

నీళ్లు నాలుగడుగులు పారి, నలుపలకగా ఉన్న ఒక సన్నటి గీత దగ్గర లోపలికి దిగిపోయాయని చెప్పాను. "గొయ్యి రా! మూత వేసిన గొయ్యి!" అని పక్కనున్నవాడు కుర్చీలోంచి లేచాడు. ఒక్క డై కూడా వేయలేదు. అయితే ఊరికే కూడా రాలేదు. తాగే నీళ్లు పోయాయి, ఒక టర్ను గడిచింది, కాగడా ఆరు టర్నులకు కాగితం మీద గీసిన ఆరు గడుల్లో ఇంకో గడి కొట్టేశాం. తెలివికి కూడా ఒక ఖరీదు ఉండేలా ఆ చిన్న చిన్న గడులే చూసుకుంటాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దీని క్లాసిక్ పుస్తకంలో ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ అనేవి జాతులు కాదు, ఫైటర్, థీఫ్ లాంటి క్లాసులు, అంటే వృత్తులు. డ్వార్ఫ్ మాంత్రికుడు కావాలంటే కుదరదు. జాతి వేరు, క్లాసు వేరు కావాలంటే అడ్వాన్స్‌డ్ ఫాంటసీ పుస్తకాలకు వెళ్లాలి. సేవింగ్ త్రోలు, అంటే ప్రమాదం తప్పించుకోవడానికి వేసే డైస్, ఐదు రకాలు, ఎప్పుడు ఏది వాడాలో అలవాటయ్యేదాకా గజిబిజిగా ఉంటుంది. ఆర్మర్ క్లాస్‌ను, అంటే కవచం ఎంత గట్టిదో చెప్పే అంకెను, పాత పద్ధతిలో తగ్గే అంకెగా, కొత్త పద్ధతిలో పెరిగే అంకెగా రెండు రకాలా ఇచ్చారు. మొహమాటం లేకుండా పెరిగే అంకెనే ఎంచుకోండి. కొత్తవాళ్లకు 'అంకె తగ్గితే కవచం గట్టిది' అని నచ్చజెప్పేసరికి సాయంత్రం అయిపోతుంది.

డీ అండ్ డీ ఐదో ఎడిషన్ ఆడి వచ్చేవాళ్లకు నేను షాడోడార్క్ చేతిలో పెడతాను. కెల్సీ డియోన్ రాసింది, 2023లో జనం ముందే డబ్బు పెట్టే కిక్‌స్టార్టర్ సైట్‌లో పది లక్షల డాలర్లు దాటి వసూలు చేసింది, మరుసటి ఏడాది ఇలాంటి ఆటలకిచ్చే ఎన్నీ అవార్డుల్లో నాలుగు బంగారు పతకాలు తెచ్చుకుంది. డి20, అంటే ఇరవై ముఖాల డై, వేసి క్యారెక్టర్ గుణాన్ని బట్టి వచ్చే మాడిఫయర్ కలిపి 9, 12, 15, 18 వంటి అంకెలు అందుకోవాలి. ఐదో ఎడిషన్ ఆడినవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. తేడా చీకటిలో ఉంది. ఏ ఆటగాడి క్యారెక్టర్‌కూ చీకట్లో చూసే శక్తి లేదు. కాగడా వెలిగేది ఒక గంట, అదీ ఆటలోని గంట కాదు, మన ఫోన్‌లో టైమర్ పెట్టుకునే నిజమైన గంట.

దీని ప్రభావం చూసి తీరాలి. ఏ గది ముందు నిలబడ్డా ఇరవై నిమిషాలు చర్చించే బృందం, టైమర్‌లో ఎనిమిది నిమిషాలు మిగిలాయనగానే గొంతులు తగ్గించి, "నువ్వు తలుపు పట్టుకో, నేను పెట్టె ఎత్తుతా" అని పని పంచుకుంటుంది. టర్నులకు గడులు కొట్టే బాధ లేదు, లెక్కంతా ఫోనే చూసుకుంటుంది. సాయంత్రం ఆరుకల్లా ముగించాల్సిన టేబుల్‌కు ఇది బాగా నప్పుతుంది. మోసే సామానుకు స్లాట్లు ఉంటాయి. బలం అంకె ఎంతో అన్ని స్లాట్లు, లేదా 10, ఏది ఎక్కువైతే అది. మంత్రం వేయడానికి కూడా డై వేయాలి. విఫలమైతే విశ్రాంతి తీసుకునేదాకా ఆ మంత్రం పోయినట్టే. మాంత్రికుడిగా ఆడేవాళ్లలో కొందరికి ఇది అస్సలు మింగుడుపడదు, ముందే చెప్పి ఆడించండి.

నాకు నచ్చనిది ఒకటుంది. ఇక్కడ బంగారానికి నాణెం లెక్కన ఎక్స్‌పీ రాదు. దొరికిన నిధి ఏ స్థాయిదో చూసి 0, 1, 3, 10 అని ఇస్తారు. లెక్క తేలికైంది గానీ, "ఆ వెండి పళ్లెం కూడా సంచిలో వేసుకో" అనే ఆశ కూడా తగ్గింది. దీర్ఘకాలం ఆడేవాళ్లకు ఆ ఆశే ఇంధనం. అందుకే షాడోడార్క్‌ను నేను నెలల తరబడి సాగే క్యాంపెయిన్‌కు రెండో స్థానంలోనే పెడతాను. క్విక్‌స్టార్ట్ అనే ఉచిత పరిచయ పుస్తకం ఉంది, డబ్బు పెట్టే ముందు అది ఆడి చూడండి.

అసలెప్పుడూ ఇలాంటి ఆట ఆడనివాళ్లు, డైస్ పేర్లు కూడా తెలియనివాళ్లు టేబుల్ మీద ఉంటే నా ఓటు కెయిర్న్‌కే. యోకై గాల్ 2020లో విడుదల చేశాడు, రెండో ఎడిషన్ 2024లో వచ్చింది. క్రిస్ మెక్‌డవల్ రాసిన ఇంటు ది ఆడ్, బెన్ మిల్టన్ రాసిన నేవ్ అనే రెండు చిన్న పుస్తకాల నుంచి పుట్టింది. ఇందులో బలం, చురుకుదనం, సంకల్పం అని మూడే అంకెలు. కొట్టడానికి డై వేయక్కర్లేదు, కత్తి దూస్తే దెబ్బ తగిలి తీరుతుంది, ఎంత తగిలిందన్నదే డై చెబుతుంది. దీంతో కొట్లాట అంటే భయం దానంతటదే వస్తుంది. హిట్ పాయింట్లు అయిపోయాక దెబ్బలు బలం మీద పడతాయి, అప్పుడు సేవ్ తప్పితే మనిషి నేలకూలతాడు.

కెయిర్న్ లెక్కపెట్టించేది ఒక్కటే, స్లాట్లు. ఒక్కొక్కరికీ పది. మంత్రం అంటే ఒక గ్రంథం, అదొక స్లాట్. ఎవరైనా చదవొచ్చు, కానీ చదివితే అలసట వచ్చి ఇంకో స్లాట్‌లో కూర్చుంటుంది. ఒక కాగితం మీద పది గడులు గీసి ఇస్తే ఆట సగం వచ్చేసినట్టే. మా రూమ్మేట్ వాళ్ల చెల్లెలు, కడప నుంచి ఇంటర్వ్యూకు వచ్చినమ్మాయి, ఎప్పుడూ ఈ పేరే విననిది, పావుగంటలో క్యారెక్టర్ చేసుకుని గుహలో దిగింది. పదో గడిలో వెండి గంట పెట్టాలా, తాడు ఉంచుకోవాలా అని అందరికంటే ఎక్కువ వాదించింది కూడా తనే.

అయితే కెయిర్న్‌లో లెవెళ్లు లేవు, ఎక్స్‌పీ లేదు. క్యారెక్టర్ ఎదుగుదల గాయాల మచ్చల్లో, దొరికిన వస్తువుల్లో, కుదిరిన స్నేహాల్లో ఉంటుంది. కొందరికి ఇది హాయి. ఇంకొందరు, ముఖ్యంగా వీడియో గేమ్స్ నుంచి వచ్చినవాళ్లు, నాలుగైదు సెషన్లయ్యాక "నేనేమీ పెరగట్లేదు అన్నా" అంటారు. వాళ్ల మాటలో తప్పు లేదు, వాళ్లను ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్‌కు పంపండి.

పండక్కి ఊరు వెళ్లకుండా ఉండిపోయిన ఏడెనిమిది మంది ఒకేసారి ఇంటికొచ్చారనుకోండి, అప్పుడు డంజియన్ క్రాల్ క్లాసిక్స్. గుడ్‌మన్ గేమ్స్ 2012లో తెచ్చిన లావుపాటి పుస్తకం. అందులో ఫనెల్ అనే పద్ధతి ఉంది. ఒక్కొక్కరికీ సున్నా లెవెల్ క్యారెక్టర్లు మూడో నాలుగో ఇస్తారు. ఒకడు రైతు, ఒకడు కంసాలి, ఒకడు సమాధులు తవ్వేవాడు. ఒక్కొక్కరికి నాలుగు హిట్ పాయింట్లకు మించి మామూలుగా రావు. అందరినీ గుహలోకి తోలి, బతికి బయటపడినవాళ్లనే మొదటి లెవెల్ వీరులుగా ఆడతారు. ఇక్కడ లెక్క ప్రాణాలదీ, అదృష్టానిదీ. అదృష్టం అంకెను కరిగించుకుని డైకి కలుపుకోవచ్చు. ప్రతి మంత్రానికీ సొంత పట్టిక, ఒకే మంత్రం ఒకసారి తుస్సుమని, ఇంకోసారి మైదానాన్ని తగలబెట్టొచ్చు. ఒక్క సాయంత్రానికి దీన్ని మించింది నాకు తెలియదు. వారం వారం ఆడాలంటే మాత్రం ఆ పట్టికలు వెతికే రెఫరీకి ఓపిక ఉండాలి. డైస్‌లో కూడా డి5, డి7, డి14, డి16, డి24, డి30 వంటివి కావాలి. కొనక్కర్లేదు. డి7కు డి8 వేసి 8 పడితే మళ్లీ వేయడం, డి5కు డి10 వేసి సగం చేయడం సరిపోతుంది.

బేసిక్ ఫాంటసీ గురించి క్లుప్తంగా. క్రిస్ గాన్నర్‌మన్ తయారుచేసింది, పీడీఎఫ్ పూర్తిగా ఉచితం, దానికి తోడు ఉచిత సాహసాలు కూడా బోలెడు. జాతి, క్లాసు వేర్వేరు, ఆర్మర్ క్లాస్ పెరిగే అంకె. చేతిలో డబ్బు లేని కాలేజీ బృందానికి ఇంకేం వెతకక్కర్లేదు. మాట్ ఫించ్ రాసిన స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీ 1974 నాటి రూల్స్‌కు దగ్గరగా ఉంటుంది. సేవింగ్ త్రో ఒక్కటే కావడం దాని గొప్ప. పాలడిన్, రేంజర్, మాంక్ కావాలనుకుంటే దాని కంప్లీట్ పుస్తకం చూడండి.

కొనడం సంగతి. ఈ పుస్తకాలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి, షిప్పింగ్, కస్టమ్స్ కలిసేసరికి బిల్లు బరువెక్కుతుంది. చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. ముందు పీడీఎఫ్ తీసుకుని, పీజీ పక్కన జిరాక్స్ షాపులో కావాల్సిన పేజీలు మాత్రం ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. ఆర్నెల్లు ఆడాక కూడా అదే పుస్తకం ఆడుతుంటే అప్పుడు గట్టి అట్ట పుస్తకం తెప్పించుకోండి. ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ మూల రూల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు కాబట్టి దానికీ ఇదే వరుస.

తెలుగులో ఆడేవాళ్లకు లైసెన్స్ సంగతి కూడా ముఖ్యమే. 2023 జనవరిలో ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను మార్చబోతున్నారన్న ముసాయిదా బయటపడి పెద్ద గొడవైంది. చివరికి విజార్డ్స్ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ను, పేరు చెప్పి ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చింది. ఆ టెన్షన్‌లోనే బేసిక్ ఫాంటసీ తన నాలుగో ఎడిషన్‌ను పాత లైసెన్స్ నుంచి తప్పించి క్రియేటివ్ కామన్స్‌కు మార్చుకుంది. కెయిర్న్ మొదటి నుంచీ అంతే. అంటే ఈ రెండిటినీ మీరు తెలుగులోకి తెచ్చి, మూల రచయితల పేరు చెప్పి, అదే లైసెన్స్ కింద అందరికీ పంచొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కనీసం రెండు పేజీల తెలుగు చీట్‌షీట్ చేసుకున్నా ఇంగ్లిష్ రూల్స్ చూసి బెదిరే ఆటగాళ్లు ధైర్యంగా కూర్చుంటారు. మాకు ఆ రెండు పేజీల వల్లే ఇద్దరు కొత్తవాళ్లు నిలిచారు. ఎవరైనా పూర్తి కెయిర్న్‌ను మంచి తెలుగులో తెస్తే ఎంత బాగుంటుందో.

మరి మీ టేబుల్‌కు ఏది? అదే నలుగురు రెండు వారాలకొకసారి తప్పకుండా వస్తారు, అందులో ఒకరికి లెక్క రాసుకోవడం సరదా, అలాగైతే ఆలోచించకుండా ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్. నేను నా టేబుల్ దగ్గర నడిపేది అదే. ఈ వారం వచ్చినవాళ్లు వచ్చే వారం రారు, అందరికీ ఐదో ఎడిషన్ తెలుసు, అలాగైతే షాడోడార్క్. ఆటే కొత్త, లేదా రెఫరీగా మీరే కొత్త, అలాగైతే కెయిర్న్. రెఫరీ కొత్తవాడైతే మిగతా ఎవరి ఇష్టాన్నీ చూడకండి, చిన్న పుస్తకమే ఎంచుకోండి. పుస్తకం మోయాల్సింది ఆయనే కదా.

మొదటి సాహసంగా టూంబ్ ఆఫ్ ద సర్పెంట్ కింగ్స్ తీసుకోండి. ఉచితం, కొత్త రెఫరీలకు ఆట నేర్పడానికే రాసింది, పైన చెప్పిన పుస్తకాల్లో దేనితోనైనా కొద్ది మార్పులతో నడుస్తుంది. ఆడబోయేవాళ్లు ఇక్కడ ఆగిపోండి, ఇది రెఫరీలకు మాత్రమే. మొదటి గదుల్లో మట్టి బొమ్మలుంటాయి, పగలగొడితే బంగారంతో పాటు విషవాయువు కూడా వస్తుంది. వాటి తర్వాత అడ్డగడియ వేసిన బరువైన రాతి తలుపు, ఆ గడియను ఎత్తితే పైనుంచి సుత్తి ఊగుతూ వస్తుంది. ఆ తలుపు దగ్గర తొందరపడి డై వేయమనకండి. గడియ ఎలా ఉందో, దాన్ని పెట్టిన మేకులు ఎలా ఉన్నాయో, గోడకూ కప్పుకూ మధ్య ఖాళీ ఎంతుందో అడిగినంత చెప్పండి. ఎవరో ఒకరు తాడు కట్టి దూరం నుంచి లాగుదామంటారు. అది పని చేస్తుందని ఒప్పుకోండి, ఒక టర్ను గడిచిందని రాసుకోండి.